ఇంట్లోనే చీజ్ మాకరోనీ బేక్: ఓవెన్ ఉన్నా, లేకపోయినా

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. రెండు వారాలకోసారి శుక్రవారం సాయంత్రం రైలెక్కి హనుమకొండ వస్తుంది. "అమ్మా, జనగామ దాటాం" అని ఫోను రాగానే నేను పొయ్యి మీద పాలు పెడతాను. "ఘన్‌పూర్ వచ్చింది" అనగానే ట్రే ఓవెన్‌లోకి వెళ్తుంది. తను కాజీపేటలో దిగి, ఆటోలో ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి చీజ్ మాకరోనీ పైన ఎర్రగా కాలి, లోపల జారుగా, వడ్డనకు సిద్ధంగా ఉంటుంది. డిసెంబరు, జనవరి చలిలో అంత దూరం వచ్చిన పిల్ల మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది చూడండి, అందుకే ఈ వంట పట్టుబట్టి నేర్చుకున్నాను.

పట్టుబట్టాల్సి వచ్చిందనే చెప్పాలి. మొదటిసారి చేసినప్పుడు చీజ్ విరిగి సాస్ అంతా రవ్వరవ్వగా అయింది. రెండోసారి సాస్ నున్నగానే వచ్చింది కానీ, ఓవెన్‌లోంచి తీసేసరికి ఎండిపోయి కత్తితో కోసి పెట్టాల్సిన స్థితి. ఈ వంటలో పెద్ద తప్పులు ఈ రెండే. అవి ఎందుకు జరుగుతాయో అర్థమైతే మిగిలినదంతా తేలిక. అందుకే కొలతలతో పాటు కారణాలు కూడా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఓవెన్‌లో పెట్టే సమయానికి సాస్ మీకు మరీ పల్చగా అనిపించాలి. ప్రయాణానికి పెరుగన్నం కలిపేటప్పుడు పాలు ఎక్కువ పోసి జారుగా కలుపుతాం కదా. మధ్యాహ్నానికి అన్నం ఆ పాలన్నీ తాగి సరిగ్గా కుదురుకుంటుంది. మాకరోనీదీ అదే గుణం. ఓవెన్‌లో ఉన్న ఇరవై నిమిషాలూ అది సాస్‌లోని తడిని తాగుతూనే ఉంటుంది. బయటికి తీశాక కూడా ఆగదు.

కావలసినవి (నలుగురికి)

మాకరోనీ 250 గ్రాములు
పాలు 700 మి.లీ.
వెన్న 40 గ్రాములు, పైపొరకు ఇంకో టేబుల్ స్పూను
మైదా 40 గ్రాములు (టేబుల్ స్పూనుతో తలకొట్టి ఐదు)
చెడ్డార్ చీజ్ 100 గ్రాములు
ప్రాసెస్డ్ చీజ్ 100 గ్రాములు (25 గ్రాముల క్యూబులు నాలుగు)
మొజరెల్లా 60 గ్రాములు
వెల్లుల్లి మూడు రెబ్బలు
చపాటా మిరప పొడి ఒక టీస్పూను
ఆవపిండి అర టీస్పూను
మిరియాల పొడి అర టీస్పూను, జాజికాయ చిటికెడు
రస్కులు మూడు, లేదా ఎండిన బ్రెడ్ ముక్కలు రెండు
ఉప్పు

ఇందులో కొన్నిటి గురించి విడిగా చెప్పాలి.

మాకరోనీ ప్యాకెట్ వెనుక దురుమ్ గోధుమ రవ్వ అని ఉంటే తీసుకోండి. దురుమ్ గట్టి గోధుమ. అందులో ప్రోటీన్ ఎక్కువగా ఉండటం వల్ల రెండుసార్లు ఉడికినా, అంటే ఒకసారి నీళ్లలో, మరోసారి ఓవెన్‌లో, ఆకారం చెడదు. మామూలు రకం దొరికినా ఫరవాలేదు, ఒక నిమిషం ముందే దించండి.

పాలు చిక్కగా ఉండాలి. ప్యాకెట్ పాలలో ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం వెన్న, స్టాండర్డైజ్డ్ అంటే 4.5, టోన్డ్ అంటే 3. మొదటి రెండింటిలో ఏదైనా సరిపోతుంది. మా ఇంట్లో ముల్కనూరు మహిళల డెయిరీ వారి స్వకృషి పాలు వాడతాం. పాడి పెంచే ఆడవాళ్లే యజమానులైన సంఘం అది, మన పక్క ఊరిది, అందుకని నాకు ఆ ప్యాకెట్ అంటే అభిమానం. పాలవాడు పోసే గేదె పాలయితే 600 మి.లీ. పాలకు 100 మి.లీ. నీళ్లు కలపండి, లేకపోతే తిన్నాక కడుపు బరువెక్కుతుంది.

చీజ్ విషయంలో ఒక్క రకంతో సరిపెట్టవద్దని నా సలహా. చెడ్డార్ రుచి ఇస్తుంది. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ ప్రాంతపు చెడ్డార్ అనే ఊరి పేరే దానికి వచ్చింది. నెలల తరబడి మాగబెట్టడం వల్ల కొంచెం పులుపు, కొంచెం ఘాటు ఉంటాయి. మొజరెల్లా సాగుతుంది, కానీ దానికి పెద్దగా రుచి లేదు, అందుకే తక్కువ. ఇక మన కిరాణా కొట్లలో దొరికే ప్రాసెస్డ్ చీజ్ క్యూబుల్ని చిన్నచూపు చూడవద్దు. 1911లో స్విట్జర్లాండ్‌లో ఇద్దరు వ్యాపారులు చీజ్‌ను వేడి దేశాలకు పాడవకుండా పంపాలని ప్రయత్నిస్తూ, దానిలో సోడియం సిట్రేట్ అనే లవణం కలిపి కరిగించారు. ఆ లవణం చీజ్‌లోని కొవ్వు, నీరు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇప్పటి క్యూబుల్లో కూడా ఆ జాతి లవణాలే ఉంటాయి. అందువల్ల సాస్‌లో నాలుగు క్యూబులు పడితే మిగతా చీజ్ కూడా విరగకుండా నిలబడుతుంది. మన ఎండలకు పుట్టినట్టే ఉంది ఆ ఉపాయం. చెడ్డార్ దొరకని రోజు క్యూబులు ఏడు, మొజరెల్లా 80 గ్రాములు వేసి చేస్తాను, బాగానే వస్తుంది.

పనీర్ మాత్రం దీనికి పనికిరాదు. వేడి పాలలో నిమ్మరసం పిండి విరగ్గొట్టినప్పుడు దాని ప్రోటీన్ ఎంత గట్టిగా ముడిపడుతుందంటే, తర్వాత ఎంత కాచినా కరగదు. మెత్తబడుతుంది, అంతే.

తురిమి అమ్మే చీజ్ కన్నా ముక్క కొని ఇంట్లో తురుముకోవడం మేలు. తురుము అంటుకోకుండా ప్యాకెట్లో పిండిపదార్థం చల్లుతారు, దానివల్ల కరిగినప్పుడు నునుపు తగ్గుతుంది.

చపాటా కారం గురించి

విదేశీ వంటల్లో ఈ వంటకానికి పాప్రికా వేస్తారు. అంటే రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న మిరప పొడి. దాని కోసం ఖరీదైన చిన్న సీసాలు కొనేవారిని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. సరిగ్గా ఆ గుణాలే ఉన్న మిరప మన పొలాల్లో పండుతోంది. చపాటా మిరప, కొందరు టమాటా మిరప అంటారు. గుండ్రంగా, పొట్టిగా, ముదురు ఎరుపులో ఉంటుంది. 2025లో దానికి వరంగల్ చపాటా మిరప పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగేటప్పుడు తెలిసినవారితో కిలో తెప్పించుకుని, తొడిమలు తీసి, ఎండబెట్టి, విడిగా పొడి కొట్టించుకుంటాను. కూర కారంలో కలపను.

ఈ ఎరుపు రంగు నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే దాన్ని పాలలో వేయకుండా, వెన్న కరిగినప్పుడే వేయాలి. అర నిమిషంలో వెన్న కుంకుమ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత సాస్ మొత్తం లేత నారింజ రంగులో వస్తుంది. రంగు పొడులతో పని లేదు. చపాటా లేకపోతే కాశ్మీరీ మిరప పొడి వేయండి. మామూలు కూర కారం వేస్తే పాల రుచి మొత్తం చచ్చిపోతుంది.

మొదటి పని: మాకరోనీ ఉడికించడం

పెద్ద గిన్నెలో రెండున్నర లీటర్ల నీళ్లు తెర్లకాచి, టేబుల్ స్పూను నిండా ఉప్పు వేయండి. మాకరోనీ లోపలికి ఉప్పు పట్టేది ఇప్పుడే, తర్వాత సాస్‌లో ఎంత వేసినా లోపలికి పోదు. నీళ్లలో నూనె వేయమని చాలామంది చెబుతారు. అవసరం లేదు. నూనె పైన తేలుతుంది, వార్చేటప్పుడు మాకరోనీకి పూతలా పట్టి సాస్‌ను అంటనివ్వదు. మొదటి రెండు నిమిషాలు గరిటెతో కలుపుతూ ఉంటే చాలు, అంటుకోదు.

ప్యాకెట్ మీద పది నిమిషాలు అని ఉంటే ఏడు నిమిషాలకే ఒకటి తీసి కొరికి చూడండి. కొరికిన చోట మధ్యలో సన్నని తెల్లని గీత కనిపించాలి, పంటికి కాస్త ఎదురు తిరగాలి. అప్పుడే చిల్లుల గిన్నెలో వార్చండి. చన్నీళ్లతో కడగవద్దు, పైనున్న పిండి జిగురే సాస్‌ను పట్టుకునేది. వార్చిన నీళ్లు ఒక గ్లాసు పక్కన ఉంచండి. సాస్ తయారయ్యేలోపు మాకరోనీ ముద్దకట్టకుండా ఒక చెంచా వెన్న వేసి కలిపి పెట్టండి.

అసలు పని: సాస్

ఇక్కడ తొందర వద్దు. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. పక్క పొయ్యి మీద పాలు వేడిగా, కానీ పొంగకుండా ఉంచండి.

సన్నని మంట మీద వెన్న కరిగించండి. నురుగు వచ్చి తగ్గాక దంచిన వెల్లుల్లి, చపాటా పొడి వేసి అర నిమిషం తిప్పండి. మైదా వేయండి. ఇప్పుడు గరిటె ఆపకుండా రెండు నిమిషాలు వేయించాలి. మొదట తడి పిండి వాసన వస్తుంది. కాసేపటికి అది మారి, బేకరీ ముందు నుంచి నడిచినప్పుడు వచ్చే వాసన తగులుతుంది. అదే గుర్తు. గోధుమ రంగు వచ్చేదాకా వేయిస్తే మైదాకు చిక్కబరిచే శక్తి తగ్గిపోతుంది, కాబట్టి అంతదాకా పోవద్దు.

జొన్న అంబలికి పిండిని ముందు చన్నీళ్లలో కలుపుకుంటాం, నేరుగా వేడి నీళ్లలో వేస్తే ఉండలు కడుతుందని. ఇక్కడ ఆ పని వెన్న చేస్తుంది. ప్రతి పిండి రేణువు చుట్టూ కొవ్వు పూత పట్టడంతో అవి ఒకదానికొకటి అంటుకోవు. కొలతలో వెన్న, మైదా సమానంగా ఉండాలనడానికి కారణం ఇదే.

ఇక పాలు. ఒక్కసారిగా గుమ్మరించవద్దు. మొదటి గరిటెడు పాలు పోయగానే మొత్తం బిగుసుకుని చపాతీ ముద్దలా అవుతుంది. చూసి కంగారు పడవద్దు, అలాగే కావాలి. మరో గరిటె పోసి కలిపితే మెత్తని పేస్టు అవుతుంది. మూడో గరిటెకు ఇడ్లీ పిండి జారు వస్తుంది. ఈ దశకు వచ్చాక మిగతా పాలు సన్నని ధారగా పోస్తూ కవ్వంతో తిప్పండి. విదేశీ విస్క్ కొననక్కర్లేదు, మజ్జిగ చిలికే చెక్క కవ్వం ఈ పనికి చక్కగా ఉంటుంది. గిన్నె మూలలకు మాత్రం అది చేరదు, మధ్య మధ్యలో చెక్క గరిటెతో అంచుల వెంబడి గీకండి.

మంట కొంచెం పెంచి, కుతకుత మొదలవగానే మళ్లీ తగ్గించి, ఆరేడు నిమిషాలు కలుపుతూ ఉడికించండి. పిండి పూర్తిగా ఉబ్బి చిక్కబడేది మరుగు దగ్గరికి వచ్చాకే. ముందే దించితే తినేటప్పుడు నాలుకకు మైదా తగులుతుంది. చిక్కదనం చూడటానికి గరిటెను ముంచి తీసి, వెనుక వైపు వేలితో గీత గీయండి. గీత నిలవాలి, కానీ అంచుల నుంచి సాస్ నెమ్మదిగా జారుతూ ఉండాలి. సాంబారుకన్నా చిక్కగా, దోసెల పిండికన్నా పల్చగా అనుకోండి. ఆవపిండి, మిరియాలు, జాజికాయ ఇప్పుడు వేయండి. ఆవకాయకు కొట్టించిన ఆవపిండే చాలు. వేడికి దాని ఘాటు తగ్గి చీజ్ రుచిని పైకి తెస్తుంది, ఆవ వేశారని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పొయ్యి ఆపండి. గిన్నెను కిందికి దించండి. రెండు నిమిషాలు ఆగండి.

ఈ రెండు నిమిషాల దగ్గరే నేను మొదటిసారి తప్పు చేశాను. మరుగుతున్న సాస్‌లో చీజ్ మొత్తం వేసి, కరగలేదని మంట పెంచాను. చీజ్ అంటే ప్రోటీన్ దారాలతో అల్లిన వల, దాని కన్నుల్లో కొవ్వు, నీరు ఇరుక్కుని ఉంటాయి. సరిపడా వేడికి వల వదులై చీజ్ కరిగి పారుతుంది. వేడి మితిమీరితే ఆ వల బిగుసుకుంటుంది, తడిబట్టను పిండినట్టు కొవ్వంతా బయటికి వస్తుంది. పైన నూనె తేలి, కింద రవ్వ మిగులుతుంది. దించిన సాస్‌కు ఉన్న వేడి చీజ్ కరగడానికి ఎక్కువే తప్ప తక్కువ కాదు.

తురిమిన చెడ్డార్, ప్రాసెస్డ్ చీజ్, సగం మొజరెల్లా కలిపి, గుప్పెడు గుప్పెడుగా వేస్తూ తిప్పండి. ఒక గుప్పెడు పూర్తిగా కలిశాకే మరొకటి. చివరికి సాస్ మెరుస్తూ, గరిటె నుంచి పట్టు రిబ్బనులా జారాలి. ఉప్పు చూడండి. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది కాబట్టి నాకు చాలాసార్లు ఇంకేమీ వేయాల్సిన అవసరం రాదు.

అప్పటికీ విరిగితే పారబోయవద్దు. రెండు మూడు చెంచాల గోరువెచ్చని పాలు, ఇంకో ప్రాసెస్డ్ చీజ్ క్యూబు తురిమి వేసి, మంట లేకుండా కవ్వంతో గట్టిగా చిలకండి. క్యూబులోని లవణం చాలావరకు మళ్లీ కలుపుతుంది.

కలపడం, పైపొర

మాకరోనీని సాస్‌లో వేసి కలపండి. గిన్నెను పక్కకు వంచితే సాస్ మాకరోనీ నుంచి విడిగా పారి ఒక చోట చేరాలి. చేరకపోతే దాచిన మాకరోనీ నీళ్లు కొద్దికొద్దిగా పోయండి, గ్లాసులో సగం దాకా పట్టవచ్చు. వెన్న రాసిన ఎనిమిది అంగుళాల కేకు గిన్నెలోకి గానీ, ఓవెన్‌కు పనికొచ్చే గాజు పాత్రలోకి గానీ ఒంపండి. మిగిలిన మొజరెల్లా చల్లండి.

రస్కుల్ని చేత్తోనే నలపండి. మిక్సీలో వేస్తే పొడి అయిపోతుంది, మనకు పలుకులు కావాలి. కరిగిన వెన్న ఒక టేబుల్ స్పూను కలిపి పైన పరచండి. ఈ కరకరలాడే పొర నాకు చాలా ఇష్టం. సర్వపిండిలో గిన్నెకు అంటి ఎర్రగా కాలిన అడుగు కోసం చిన్నప్పుడు ఎలా పోటీ పడేవాళ్లమో, దీని అంచుల కోసం మా ఇంట్లో ఇప్పుడు అలాగే పోటీ.

ఓవెన్‌లో

ఓటీజీని, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌ను, 190 డిగ్రీల దగ్గర పది, పదిహేను నిమిషాలు ముందే వేడిచేయండి. పైకింది కడ్డీలు రెండూ వెలగాలి. మధ్య అరలో పాత్ర పెట్టి 18 నుంచి 20 నిమిషాలు. అంచుల చుట్టూ సాస్ బుడగలు వస్తూ ఉంటే లోపలంతా వేడెక్కినట్టు. తర్వాత పై కడ్డీ మాత్రమే ఉంచి మూడు, నాలుగు నిమిషాలు. అప్పుడు పక్కకు కదలవద్దు, రస్కు పొర ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య ఒక్క నిమిషమే తేడా. మైక్రోవేవ్ ఓవెన్ అయితే కన్వెక్షన్ మీదే పెట్టండి, మామూలు మైక్రోవేవ్ పద్ధతిలో పైపొర ఎర్రబడదు.

అతి ముఖ్యమైన పది నిమిషాలు బయటికి తీశాక వస్తాయి. కదపకుండా వదిలేయండి. వెంటనే వడ్డిస్తే సాస్ పళ్లెంలో నీళ్లలా పారుతుంది, నోరూ కాలుతుంది. కాస్త చల్లారేకొద్దీ పిండి, చీజ్ బిగిసి, చెంచాకు నిలబడేంత చిక్కదనం దానంతటదే వస్తుంది.

ఓవెన్ లేకపోతే

మందపాటి పెద్ద గిన్నె గానీ, అయిదు లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ గానీ చాలు. కుక్కర్ అయితే రబ్బరు, విజిల్ తప్పకుండా తీసేయాలి. అడుగున అంగుళం మందాన రాళ్ల ఉప్పు పోసి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూత వేసి మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడిచేయండి. మాకరోనీ ఉన్న అల్యూమినియం గిన్నెను జాగ్రత్తగా లోపల దించి, మంట తగ్గించి, మూతపెట్టి 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. నీళ్లు పోయకూడదు. ఈ ఉప్పును సీసాలో దాచుకుంటే మళ్లీ మళ్లీ ఇదే పనికి వాడవచ్చు.

ఈ పద్ధతిలో పైనుంచి వేడి తగలదు కాబట్టి పొర ఎర్రబడదు. అందుకని రస్కు పలుకుల్ని పెనం మీద వెన్నతో ఎర్రగా వేయించుకుని, వడ్డించే ముందు చల్లండి. మా చెల్లెలు పరకాలలో ఇలాగే చేస్తుంది. తిన్నవాళ్లలో తేడా కనిపెట్టినవారిని నేను చూడలేదు.

ముందే చేసి పెట్టుకోవాలంటే

ఉదయం అంతా కలిపి, పైపొర వేయకుండా, ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అలాంటప్పుడు పాలు 100 మి.లీ. ఎక్కువ పోయండి, ఎందుకో ఇప్పటికే మీకు తెలుసు. బేక్ చేయడానికి అరగంట ముందు బయటికి తీయండి. ఒకసారి నేను ఫ్రిజ్‌లోని గాజు పాత్రను నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టాను. టప్ మని పగిలి, వంటంతా గాజు ముక్కల పాలైంది. ముందు చేసి దాచేటప్పుడు ఇప్పుడు లోహపు గిన్నెనే వాడుతున్నాను.

మిగిలినది మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచవచ్చు. రెండు చెంచాల పాలు చిలకరించి, మూతపెట్టి సన్నని మంట మీద వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. నేనైతే చల్లగా గట్టిపడినదాన్ని ముక్కలుగా కోసి, పెనం మీద చుక్క నూనెతో రెండు వైపులా కాలుస్తాను. మర్నాడు ఉదయం టిఫినుకు అది మొదటి రోజుకన్నా బాగుంటుందని మా ఆయన అంటారు.

పక్కన ఏం పెట్టాలి

ఉడికించిన మొక్కజొన్న గింజలు, వేయించిన క్యాలీఫ్లవర్, చికెన్ ముక్కలు, ఏవైనా కలపవచ్చు. కాకపోతే కూరగాయల్ని ముందే వేయించి తడి పోగొట్టండి. నేను మాత్రం మాకరోనీలో ఏమీ కలపను. పక్కన పుల్లగా ఏదో ఒకటి పెడతాను. ఈ సంగతి నాకు చెప్పింది మా అత్తమ్మ. మొదటిసారి రుచి చూసి, "బాగుందమ్మా, కానీ రెండో ముద్దకే మొహం మొత్తుతోంది. కాస్త టమాటా తొక్కు వేసుకురా" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో ట్రే బల్ల మీదికి వచ్చిందంటే దాని పక్కనే తొక్కు జాడీ, నిమ్మరసం పిండిన కీరా ముక్కలు ఉంటాయి.

వడ్డించేటప్పుడు గరిటెను అంచు నుంచి అడుగుదాకా దించి తీయండి, అప్పుడే ప్రతి పళ్లెంలోకీ పైపొర ముక్క వెళ్తుంది. నాలుగు మూలలున్న పాత్ర అయితే ఒక మూల రైల్లో వచ్చేవాళ్లకు ఉంచండి.